"రెండర్ అవుతోంది సార్!" – ఒకేసారి ఐదు ప్రాజెక్టులు ఒప్పుకుని నేను నేర్చుకున్నది

2022 జనవరి. సంక్రాంతి వెళ్లిపోయి నాలుగైదు రోజులైంది. రాత్రి రెండు గంటలకి మా ఇంట్లో కరెంటు పోయింది.

మామూలుగా పల్లెటూళ్లో కరెంటు పోవడం పెద్ద విషయం కాదు. పోద్ది, వస్తది. కానీ ఆ రాత్రి నా కంప్యూటర్ 412వ ఫ్రేమ్ రెండర్ చేస్తోంది. మొత్తం చేయాల్సింది 750 ఫ్రేములు. అప్పటికే 41 గంటలుగా ఆగకుండా నడుస్తోంది. యూపీఎస్ పది నిమిషాలు కీ కీ అని అరిచి అది కూడా ఆగిపోయింది. గదంతా చీకటి. ఫోన్ తీసి చూస్తే, రాత్రి పదకొండుకి క్లయింట్ పెట్టిన మెసేజ్ ఉంది. "మేడమ్, పొద్దున పదికి మా ఎండీ గారికి చూపించాలి. రెడీయేనా?"

నేనేం టైప్ చేశానో తెలుసా? "రెండర్ అవుతోంది సార్."

కరెంటే లేదు. కంప్యూటర్ ఆన్‌లో లేదు. రెండర్ అవుతోందట!

హాయ్ ఫ్రెండ్స్. నేను ఫ్రీలాన్స్ యానిమేటర్‌ని. మాది పర్చూరు దగ్గర ఒక ఊరు. నేను పుట్టినప్పుడు ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. ఇల్లు కదల్లేదు, జిల్లా మారింది. మా వైపు వచ్చినవాళ్లకి తెలుసు, ఎటు చూసినా నల్లరేగడి. ఒక పక్క పత్తి, ఒక పక్క మిర్చి. ఫిబ్రవరి, మార్చిలో వస్తే కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు ఎర్ర తివాచీ పరిచినట్టు ఉంటాయి. చూడ్డానికి బాగుంటది. దగ్గరికెళ్తే మాత్రం తుమ్ములు ఆగవు.

నాన్న రైతు. సొంతం రెండెకరాలు, కౌలు మూడెకరాలు. పండిన కాయ గుంటూరు మిర్చి యార్డుకి వెళ్తది. చిన్నప్పుడు నాన్నతో లారీ ఎక్కి ఒకసారి ఆ యార్డుకి వెళ్లాను. గుట్టలు గుట్టలుగా టిక్కీలు. కొనేవాళ్లు వచ్చి కాయని చేత్తో పట్టుకుని చూస్తున్నారు. అంత పెద్ద యార్డులో ఎవరి గుట్ట దగ్గర వాళ్లు నిలబడి ధర కోసం ఎదురు చూస్తున్నారు. అప్పుడు నాకర్థం కాలేదు. ఇప్పుడు ఫ్రీలాన్సింగ్ చేస్తుంటే రోజూ ఆ యార్డే గుర్తొస్తది. మనం కూడా మన సరుకు ముందు పోసుకుని, ఎవరైనా వచ్చి చూస్తారా అని కూర్చునేవాళ్లమే కదా!

ఈ యానిమేషన్ పిచ్చి ఎక్కడిదంటే, టీవీ. 2008లో ఛోటా భీమ్ వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్లు. అది హైదరాబాద్‌లో, గ్రీన్ గోల్డ్ అనే కంపెనీలో తయారవుతుందని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అంతవరకు కార్టూన్లంటే అమెరికావాళ్లో జపాన్‌వాళ్లో చేస్తారనుకునేదాన్ని. తర్వాత 2012లో ఈగ సినిమా. చీరాలలో చూశాను. ఒక ఈగ హీరో! అది నిజం ఈగ కాదు, కంప్యూటర్‌లో ఎవరో కూర్చుని ఒక్కొక్క రెక్క కదిపారు అని తెలిశాక, ఇక నా దారి ఇదే అనుకున్నా. ఆ సినిమాకి స్పెషల్ ఎఫెక్ట్స్‌లో నేషనల్ అవార్డు కూడా వచ్చింది.

ఇంట్లో ఒప్పించడం, గుంటూరులో డిగ్రీ, హైదరాబాద్‌లో కోర్సు, స్టూడియోలో రోటోస్కోపీ ఉద్యోగం... ఇవన్నీ స్పీడ్‌గా దాటేస్తా, ఎందుకంటే ఈ కథ మీరు చాలామంది దగ్గర విని ఉంటారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. బ్యాగు సర్దుకుని ఊరికి వచ్చేశా. స్టూడియో మళ్లీ పిలవలేదు.

చేతిలో ఒక కంప్యూటర్ ఉంది, అందులో బ్లెండర్ ఉంది. తెలియనివాళ్ల కోసం చెప్తాను, బ్లెండర్ అంటే 3డి సాఫ్ట్‌వేర్. పూర్తిగా ఉచితం. దాని కథ కూడా బాగుంటది. 2002లో ఆ సాఫ్ట్‌వేర్ వెనక ఉన్న కంపెనీ మూతపడింది. దాన్ని తయారుచేసిన టోన్ రూసెండాల్, లక్ష యూరోలు ఇస్తే దీన్ని అందరికీ ఉచితంగా వదిలేయడానికి పెట్టుబడిదారుల్ని ఒప్పించాడు. వాడేవాళ్లంతా తలా కొంచెం వేసుకుని, ఏడు వారాల్లో ఆ డబ్బు పోగేశారు. అలా మిగిలిన సాఫ్ట్‌వేర్‌తోనే లాట్వియా అనే చిన్న దేశం నుంచి ఫ్లో అనే సినిమా తీశారు. 2025లో దానికి ఆస్కార్ వచ్చింది. కాబట్టి సాఫ్ట్‌వేర్ కొనడానికి డబ్బుల్లేవు అనే మాట ఇప్పుడు చెల్లదు. మిగతా కష్టాలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటి గురించే ఇవాళ మాట్లాడతా.

మొదటి సంవత్సరం పని లేక ఏడ్చాను. రెండో సంవత్సరం పని ఎక్కువై ఏడ్చాను. మొదటి ఏడుపు గురించి అందరూ చెప్తారు. రెండో దాని గురించి ఎవరూ చెప్పరు.

2021 చివర్లో మా వైపు మిర్చికి నల్ల తామర పురుగు వచ్చింది. మీలో రైతుల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకి ఆ ఏడు గుర్తుండే ఉంటది. పువ్వులో దూరి రసం పీల్చేస్తది. పూత పూతగానే రాలిపోయింది. మందు మీద మందు కొట్టారు. ఆగలేదు. ఎకరాలకి ఎకరాలు దున్నేసినవాళ్లు ఉన్నారు. మాకు కౌలు కట్టాలి, మందుల షాపులో బాకీ ఉంది, వడ్డీకి తెచ్చింది ఉంది. పంట లేదు.

అప్పుడు నేను అనుకున్నా, "ఈ ఏడు ఇంటిని నేను నిలబెడతా." ఏ పని వచ్చినా కాదనలేదు. జనవరి నెలకి నా చేతిలో ఐదు ప్రాజెక్టులు.

ఒకటి, పురుగుమందు కంపెనీకి 30 సెకన్ల 3డి యాడ్. అవును, మా చేలో పనిచేయని మందుల్లాంటి దానికే యాడ్! జీవితం అలాగే జోకులేస్తది. రెండు, విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్ వాక్‌త్రూ, రెండు నిమిషాలు. మూడు, విదేశీ క్లయింట్‌కి పన్ను ఇంప్లాంట్ ఎలా పెడతారో చూపించే మెడికల్ యానిమేషన్, 40 సెకన్లు. నాలుగు, పిల్లల రైమ్స్ ఛానల్ నడిపే ఒక అక్కకి నెలకి నాలుగు 2డి పాటలు. ఐదు, పెళ్లి ఇన్విటేషన్ వీడియో.

పన్ను మోడల్ చేయడానికి నాకు టైమ్ లేక, ఒంగోలులో చదువుకుంటున్న ఒక తమ్ముడికి ఆ పని ఇచ్చాను. 18,000కి మాట్లాడుకున్నాం. కుర్రాడు బాగా చేశాడు, చెప్పిన రోజుకి ఇచ్చాడు.

నేను మాత్రం ఏదీ చెప్పిన రోజుకి ఇవ్వలేదు.

ఎందుకు ఇవ్వలేకపోయానో మీకు లెక్క చెప్తా. ఈ లెక్క నేను ఒప్పుకునే ముందు వేసుకోవాల్సింది, మునిగాక వేసుకున్నా. సెకనుకి 25 ఫ్రేములు. 30 సెకన్ల యాడ్ అంటే 750 ఫ్రేములు. నా కంప్యూటర్‌లో ఒక్కో ఫ్రేముకి 6 నిమిషాలు. అంటే 75 గంటలు. రెండు నిమిషాల వాక్‌త్రూ 3,000 ఫ్రేములు, ఒక్కోటి 3 నిమిషాలు, 150 గంటలు. పన్ను వీడియో 1,000 ఫ్రేములు, ఒక్కోటి 6 నిమిషాలు, 100 గంటలు. మొత్తం 325 గంటలు. సరే, నెలలో ఎన్ని గంటలున్నాయి? 31 రోజులు, 744. సరిపోద్ది కదా అనిపిస్తది.

కానీ క్లయింట్ మార్పులు చెప్పకుండా ఉంటాడా? ఒక్కోదానికి రెండుసార్లు మార్పులొచ్చి మొత్తం మళ్లీ రెండర్ చేయాల్సి వస్తే? 325 మూడింతలు, 975 గంటలు. నెలలో ఉన్నదే 744. నేను నిద్ర మానేసినా, తిండి మానేసినా, కంప్యూటర్ రాత్రింబవళ్లు తిరిగినా అవ్వని పనిని నేను ఒప్పుకున్నా. నేను బద్ధకస్తురాలిని కాదు. లెక్క వేయలేదు, అంతే.

దానికి తోడు ఇంకో తప్పు. రెండర్‌ని నేరుగా వీడియో ఫైల్‌గా పెట్టాను. కరెంటు పోతే ఆ ఫైల్ తెరుచుకోదు, 412 ఫ్రేములూ పోతాయి. అదే ఒక్కో ఫ్రేముని విడివిడిగా ఫోటోల్లా సేవ్ చేసుకుంటే, కరెంటు వచ్చాక 413 నుంచి మొదలుపెట్టుకోవచ్చు. ఇది నేర్చుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఇవాళే ఆ సెట్టింగ్ మార్చుకోండి. నాకు ఆ పాఠం 41 గంటలు ఖరీదు.

ఇక నిద్రలేకపోతే ఏమవుద్దో చూడండి. పురుగుమందు కంపెనీ మేనేజర్ గారికి యాడ్ డ్రాఫ్ట్ పంపాల్సింది, పెళ్లి ఇన్విటేషన్ పంపేశా. నా ఫైళ్ల పేర్లన్నీ ఫైనల్, ఫైనల్ 2, ఫైనల్ ఫైనల్ లాస్ట్. ఏది ఎవరిదో నాకే తెలీదు. ఆయన ఫోన్ చేసి, "ఎవరిదండీ ఈ పెళ్లి? మమ్మల్ని కూడా పిలుస్తున్నారా?" అన్నాడు. ఇప్పుడు నవ్వుతున్నా. ఆ రోజు చెమటలు పట్టాయి.

ఇవన్నీ సరే. నేను నిజంగా సిగ్గుపడే విషయం ఇంకోటి ఉంది.

పన్ను ప్రాజెక్టుకి అడ్వాన్సు వచ్చింది. అందులో ఆ ఒంగోలు తమ్ముడి డబ్బులు కూడా ఉన్నాయి. నేను మొత్తం తీసుకెళ్లి ఇంటి వడ్డీకి కట్టేశా. ఎలాగూ మిగతాది వచ్చేస్తది కదా, అప్పుడిద్దాంలే అనుకున్నా. ప్రాజెక్టు లేటయింది, మిగతాది రాలేదు. తమ్ముడు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మర్నాడు చేశాడు. ఎత్తలేదు. నాలుగు రోజులు.

అంతకుముందు సంవత్సరం ఒక క్లయింట్ నాకు డబ్బులు ఎగ్గొట్టాడు. మూడు నెలలు ఫోన్ ఎత్తలేదు. వాడిని నేను తిట్టని తిట్టు లేదు. ఇప్పుడు నేను చేస్తున్నదేంటి? సరిగ్గా అదే.

నాలుగో రోజు తమ్ముడి నుంచి ఒక మెసేజ్ వచ్చింది. "అక్కా, డబ్బులు లేకపోతే లేవని చెప్పండి, పర్లేదు. ఫోన్ మాత్రం ఎత్తండి."

ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఆ మెసేజ్ చూస్తూ ఉన్నా. ఇంతలో ఇంకో క్లయింట్ ఫోన్. సైలెంట్‌లో పెట్టి పక్కన పడేశా. నాన్న చూస్తన్నాడు.

"ఎవురమ్మా?"

"ఎవరో లే నాన్నా."

"అప్పులోళ్లా?"

"కాదు... పనిచ్చినోళ్లు."

"పనిచ్చినోళ్లకి ఫోను ఎత్తవేందమ్మా? అప్పులోళ్లకే నేను ఎత్తతన్నా గదా!"

తర్వాత కూర్చుని చెప్పాడు. మా చేలో కాయ కోతకి ప్రతి ఏడూ కర్నూలు వైపు నుంచి కూలీలు వస్తారు. మా వైపు చాలామందికి అంతే. ఒక మేస్త్రీ ముప్పై, నలభై మందిని తీసుకొస్తాడు. నాన్న ముందే మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చి ఉన్నాడు. నవంబరు చివర్లో పూత రాలిపోతోందని తెలియగానే నాన్న ఆ మేస్త్రీకి ఫోన్ చేశాడట. "ఈ ఏడు నా చేలో కాయ లేదయ్యా. నన్ను నమ్ముకుని మనుషుల్ని ఎక్కించుకుని రాబోకు. యాడన్నా వేరే పని చూసుకో. అడ్వాన్సు సంగతి వచ్చే ఏడు చూసుకుందాం."

నేనడిగా, "నీకు సిగ్గనిపించలేదా నాన్నా, అలా చెప్పడానికి?"

"ఎందుకనిపియ్యదు? అనిపిచ్చింది. కానీ నలభై మంది పిల్లా జెల్లా వచ్చి దిగినాక లేదని చెబితే ఇంకా సిగ్గు. ముందు జెప్తే ఒక్కరోజు తిట్టుకుంటాడు. దాస్తే రోజూ తిట్టుకుంటాడు."

ఫ్రెండ్స్, చేలో పంట మొత్తం పోయిన మనిషి ధైర్యంగా ఫోన్ చేసి లేదని చెప్పాడు. చేతినిండా పని ఉన్న నేను దుప్పటి కప్పుకుని "రెండర్ అవుతోంది" అని మెసేజ్ పెడుతున్నా. ఆ రోజు నాకర్థమైంది. నన్ను ముంచింది ఐదు ప్రాజెక్టులు కాదు. ఐదుగురి దగ్గర నిజం దాచడం.

ఆ సాయంత్రం ముందు తమ్ముడికి ఫోన్ చేశా. "నీ డబ్బులు వాడేసుకున్నా. తప్పు నాది. ఇప్పుడు 5,000 ఉన్నాయి, పంపుతున్నా. మిగతా 13,000 మార్చి ఆఖరులోపు ఇస్తా." కుర్రాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "సరే అక్కా" అన్నాడు. ఆ "సరే" చాలా చల్లగా ఉంది. ఉండాలి కూడా.

మర్నాడు పొద్దున ఐదుగురికీ ఫోన్ చేశా. నిజం చెప్పా. ఏం జరిగిందో వినండి.

పురుగుమందు కంపెనీ ఆయన అరిచాడు. బాగా అరిచాడు. అరిచి, నాలుగు రోజులు టైమిచ్చాడు. అపార్ట్‌మెంట్ ఆయన, "మా బ్రోచరే ఇంకా ప్రింట్ కాలేదమ్మా, రెండు వారాలైనా పర్లేదు" అన్నాడు. చూశారా? ఎవరికీ తొందర లేని డెడ్‌లైన్ కోసం నేను నిద్ర లేకుండా చచ్చిపోతున్నా. రైమ్స్ అక్క నాలుగు పాటల బదులు రెండు చాలంది. విదేశీ క్లయింట్ ప్రాజెక్టు క్యాన్సిల్ చేశాడు. అడ్వాన్సు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది, వాయిదాల్లో కట్టా. రేటింగ్ కూడా పడిపోయింది. నిజం చెప్తే అన్నీ బాగైపోతాయని నేను చెప్పను. నేను నవ్వుతూ చెప్తున్నా గానీ, ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

ఇక పెళ్లి ఇన్విటేషన్. అది మాత్రం ఆగదు. పెళ్లి ముహూర్తం మన రెండర్ కోసం ఆగుద్దా? అందుకే అన్నీ పక్కన పెట్టి అది ముందు చేసిచ్చా.

అక్కడే నాకు ఒక పద్ధతి దొరికింది. ప్రపంచంలో డెడ్‌లైన్లు రెండే రకాలు. ముహూర్తం డెడ్‌లైన్, మామూలు డెడ్‌లైన్. పెళ్లి, సినిమా రిలీజ్, ప్రోగ్రామ్ ఓపెనింగ్, ఇవి ముహూర్తాలు. ఒక్కరోజు దాటినా మన వీడియో చెత్తబుట్టకే. "త్వరగా కావాలి", "సోమవారానికి ఇచ్చేయండి", ఇవి ఎక్కువసార్లు మామూలువి. ఇప్పుడు ఏ పని వచ్చినా నా మొదటి ప్రశ్న, "సార్, ఇది ముహూర్తమా?" క్లయింట్లు నవ్వుతారు, కానీ నిజం చెప్పేస్తారు. ఒక నెలలో ఒకటికి మించి ముహూర్తాలు పెట్టుకోను.

ఇంకా ఏం మార్చానో చెప్తా, మీలో డిజైన్, ఎడిటింగ్, కోడింగ్ ఏది చేసేవాళ్లకైనా పనికొస్తది.

ఒకటి, ఒప్పుకునే ముందు లెక్క. ఎన్ని ఫ్రేములు, ఒక్కోటి ఎన్ని నిమిషాలు. దాన్ని మూడింతలు చేస్తా, మార్పుల కోసం. అది గోడ మీది క్యాలెండర్‌లో పట్టకపోతే "ఈ నెల కుదరదు, వచ్చే నెల పదో తారీఖు నుంచి చేస్తా" అంటా. కొందరు వెళ్లిపోతారు. చాలామంది ఆగుతారు.

రెండు, పెద్ద ప్రాజెక్టులు రెండే, అవి కూడా వేరే వేరే దశల్లో. మా నాన్న ఐదెకరాలూ ఒకేరోజు నాటడు. ఎందుకంటే అన్నీ ఒకేసారి కోతకొస్తే మనుషులు దొరకరు. నేను కూడా అంతే. ఒక ప్రాజెక్టు రెండర్‌లో ఉంటే కంప్యూటర్ కష్టపడుద్ది, నేను కాదు. ఆ టైమ్‌లో రెండో దాని స్టోరీబోర్డు కాగితం మీద గీసుకుంటా. రెండూ ఒకేసారి రెండర్‌కి వస్తే అప్పుడే ఇబ్బంది.

మూడు, మెట్టు మెట్టుకీ ఒప్పుకోలు. స్టోరీబోర్డు చూసి ఓకే అనాలి. తర్వాత యానిమాటిక్, అంటే ముతక బొమ్మలతో టైమింగ్ చూపించే వీడియో, దానికి ఓకే అనాలి. ఆ తర్వాతే రెండర్. మార్పులు రెండుసార్లు ఉచితం, మూడోసారి నుంచి డబ్బులు. ఇది వాట్సాప్‌లో అయినా సరే, రాసి ఉండాలి.

నాలుగు, శుక్రవారం మెసేజ్. ప్రతి శుక్రవారం సాయంత్రం అందరికీ పంపుతా, పని బాగా నడిచినా నడవకపోయినా. "ఈ వారం ఇది అయింది, ఇది కాలేదు, కారణం ఇది." అంతే. ఈ ఒక్క అలవాటుతో నాకు వచ్చే ఫోన్లు సగం తగ్గాయి.

ఐదు, అందరికంటే ముందు కింద పనిచేసినవాళ్ల డబ్బులు. అడ్వాన్సు పడిన రోజే వాళ్ల వాటా వాళ్లకి పంపేస్తా. అది నా డబ్బు కాదు, నా అకౌంట్లో కాసేపు కూర్చుంది, అంతే.

ఇక మనకి రావాల్సిన డబ్బులు ఎగ్గొట్టేవాళ్ల సంగతి. ఇది చాలామందికి తెలీదు, జాగ్రత్తగా వినండి. ఆధార్, పాన్ ఉంటే ఉద్యమ్ పోర్టల్‌లో మన పనిని సూక్ష్మ సంస్థగా రిజిస్టర్ చేసుకోవచ్చు. పూర్తిగా ఉచితం. డబ్బులడిగే దొంగ సైట్లు ఉంటాయి, అసలు ప్రభుత్వ సైట్‌లోనే చేయండి. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, మనతో పని చేయించుకున్న కంపెనీ రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఒప్పందం ఉంటే ఎంత ఎక్కువైనా 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి. కట్టకపోతే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, అది కూడా నెలనెలా చక్రవడ్డీ. ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. నేను ఇప్పటిదాకా ఫిర్యాదు పెట్టలేదు. నా బిల్లు కింద ఉద్యమ్ నంబరు, ఆ 45 రోజుల మాట ఒక లైన్ రాస్తా. ఆ లైనే సగం పని చేస్తది.

ఇదంతా చిన్నవాళ్ల కష్టమే అనుకోకండి. రిథమ్ అండ్ హ్యూస్ అని అమెరికాలో పెద్ద స్టూడియో ఉండేది. మన హైదరాబాద్‌లో కూడా వాళ్ల స్టూడియో నడిచింది. లైఫ్ ఆఫ్ పై సినిమాలో పులిని చేసింది వాళ్లే. 2013 ఫిబ్రవరిలో ఆ పులికి ఆస్కార్ వచ్చింది. అదే నెలలో, ఆస్కార్‌కి రెండు వారాల ముందే ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ముందే ఒక రేటుకి ఒప్పుకుంటారు, మార్పులు పెరుగుతూ పోతాయి, ఒక సినిమా వాయిదా పడితే ఆ ఖాళీ నెలల్లో జీతాలు ఎక్కడినుంచి తేవాలి? ప్రపంచంలోనే గొప్ప పనితనం ఉన్నవాళ్లని కూడా ఆ పనితనం ఒక్కటే కాపాడలేకపోయింది. కాబట్టి "నా పని బాగుంటే చాలు" అనుకోకండి. పని బాగుండాలి, లెక్క కూడా బాగుండాలి.

ఇప్పుడు చాలామంది అడుగుతారు, ఏఐ వచ్చింది కదా, నీ పని ఉంటదా అని. నిజం చెప్తా. పెళ్లి ఇన్విటేషన్లు నాకు ఇప్పుడు దాదాపు రావట్లేదు. ఫోన్లోనే పది నిమిషాల్లో చేసేసుకుంటున్నారు. ఆ పని పోయింది. కానీ దవడ ఎముకలో స్క్రూ ఏ కోణంలో దిగాలో డాక్టర్ గారు చెప్తే, అచ్చం అలాగే చేసి, మార్పులు చెప్తే ఓపిగ్గా మార్చి, చెప్పిన రోజుకి ఇచ్చే మనిషి ఇంకా కావాలి. రేపు ఏమవుద్దో నాకు తెలీదు. మిర్చి రైతు కూతుర్ని, రేపటి ధర తెలిసి బతకడం మాకు అలవాటు లేదు. 2025 ఫిబ్రవరిలో రేటు పడిపోయి, కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలు 11,781 రూపాయలని ప్రకటించే దాకా వెళ్లింది. నాన్న ఆ ఏడు సగం కాయ కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. నేను కూడా ఒక మూడు నెలల ఖర్చు ముట్టుకోకుండా విడిగా పెడుతున్నా. అదే నా కోల్డ్ స్టోరేజీ.

చివరిగా రెండు విషయాలు చెప్పి ముగిస్తా.

ఆ తమ్ముడికి 13,000 మార్చి 28న ఇచ్చేశా. చెప్పిన రోజుకి మూడు రోజుల ముందు. ఇప్పటికీ నాతో పనిచేస్తాడు. కాకపోతే ఒక షరతు, అడ్వాన్సు పడితేనే కంప్యూటర్ ఆన్ చేస్తాడు. నాకు కోపం రాదు. అది నేనే నేర్పిన పాఠం.

రెండోది. మరుసటి ఏడు మిర్చి బాగా పండింది, రేటూ బాగుంది. అందరి చేలూ ఒకేసారి కోతకొచ్చాయి. కూలీల కోసం రైతులు ఊళ్లు పట్టుకుని తిరుగుతున్నారు, ఎక్కువ కూలి ఇస్తామని మేస్త్రీలకి ఫోన్లు చేస్తున్నారు. ఒకరోజు తెల్లవారుజామున మా ఇంటి ముందు బొలేరో ఆగింది. మేస్త్రీ దిగాడు, వెనకాల మనుషులు. నాన్న ఆ ఏడు అతనికి ఇంకా ఫోనే చేయలేదు.

"ఏందయ్యా, పిలవకుండానే వచ్చావు?" అన్నాడు నాన్న.

"పోయినేడు రావద్దని చెప్పింది నువ్వొక్కడివే కదా పెద్దాయనా" అన్నాడు.

ఇప్పుడు మీ ఫోన్లో మీరు ఎత్తకుండా వదిలేసిన కాల్ ఒకటి ఉండే ఉంటది. ఈ వీడియో అయిపోయాక ఆ ఒక్కరికి ఫోన్ చేయండి. అవ్వలేదంటే అవ్వలేదని చెప్పండి. తిడతారు. ఒక్కరోజే తిడతారు.